మైసయ్య బొంబాయి ఫోటో

చిట్యాలలో బెజవాడ సడక్ మీద బస్సు దిగినవాడికి మొట్టమొదట కనిపించేది లింగస్వామి ఫోటో దుకాణం అద్దం. మామూలు ఫోటో దుకాణాల్లో అద్దం వెనక ఏముంటాయి? పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, బోర్లా పడుకోబెట్టిన పసిపిల్ల. లింగస్వామి అద్దం వెనక మాత్రం నల్లకోట్లు తొడుక్కున్న మనుషులు చెమటలు కక్కుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని, నోట్లో ఇత్తడి గొట్టాలు పెట్టుకుని నిలబడి ఉండేవారు. అవి పంటినొప్పి మందు తాలూకు బొమ్మలనుకుని, దవడ పట్టుకుని దుకాణంలోకి వచ్చినవాళ్ళు కనీసం ముగ్గురున్నారు.

"నొప్పి గాదు పెద్దాయనా, జాజ్," అనేవాడు లింగస్వామి.

"గదేం రోగం?"

ఇక అక్కడినుంచి లింగస్వామి నోరు ఆగేది కాదు. జాజ్ అంటే రాసిపెట్టుకుని వాయించేది కాదట. దారి తెలిసినవాడు కావాలని దారి వదిలి, చెలకల్లో పడి, తుమ్మచెట్లు దాటి, వాగులో దిగి, అందరూ తప్పిపోయాడనుకునే సమయానికి మళ్ళీ సరిగ్గా బాట మీదికొచ్చి నిలబడే పాటట. సికింద్రాబాదు క్లబ్బులో లోబో దొర అనే గోవా ఆయన శాక్సోఫోన్ అనే వంకర బాకా ఎత్తితే, హుస్సేన్‌సాగర్‌లో చేపలు ఒడ్డుకొచ్చి తలలు పైకి పెట్టేవట. ఒకసారి ఆయన పట్టిన దమ్ము ఎంత పొడుగుదంటే, అది మొదలైనప్పుడు హోటల్లో చాయ్ చెప్పినవాడు తాగి, పైసలిచ్చి, నాంపల్లిలో రైలెక్కి, కాజీపేటలో దిగాక గానీ అది తెగలేదట.

చేపల సంగతీ, కాజీపేట సంగతీ అటుంచితే లోబో దొర నిజం. లింగస్వామి ఆయన్ని ఫోటోలు తీసిన మాటా నిజమే.

లింగస్వామి పోచంపల్లి సాలెల ఇంట్లో పుట్టాడు. బాపు నూలుకు ముళ్ళు కట్టి రంగులో ముంచేవాడు. ముడి కట్టిన చోట తెల్లగా, కట్టని చోట ఎర్రగా వచ్చేది. ఆ పని చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఫోటో నెగటివ్ ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. పోలీసు చర్య తర్వాత నాలుగేళ్ళకు సికింద్రాబాదు చేరి, ఒక స్టూడియోలో ఫోటోలు కడిగే పనికి కుదిరాడు. రెండేళ్ళలో యజమాని చేతిలోని కెమెరా ఇతని మెడలోకి వచ్చింది. శనివారం శనివారం క్లబ్బులో బ్యాండు వాళ్ళను తీయడం ఇతని వంతు.

మొదట తీసినవి చూసి లోబో దొర పగలబడి నవ్వాడు. అన్నిట్లోనూ బుగ్గలు ఉబ్బి, కప్పల్లా ఉన్నారు.

"ఊదేటప్పుడు తియ్యకు. రెండు ఊదుళ్ళ మధ్య దమ్ము తీసుకుంటాం చూడు, అప్పుడు తియ్యి. కళ్ళతో కాదు, చెవులతో తియ్యి," అన్నాడాయన తనకొచ్చిన హిందీలో.

ఆ ఒక్క మాటతో లింగస్వామి ఫోటోగ్రాఫర్ అయ్యాడు. పాట వింటూ, దమ్ము ఎక్కడ తెగుతుందో ముందే పసిగట్టి, సరిగ్గా అక్కడ మీట నొక్కేవాడు. ఆ క్షణంలో మనిషి మొహంలో పాట ఉంటుంది, బుగ్గల్లో గాలి ఉండదు. యాభై ఏడులో బాపు మంచాన పడితే ఇటు తిరిగొచ్చి చిట్యాలలో దుకాణం పెట్టాడు గానీ, ఆ చెవి మాత్రం అతనితోనే వచ్చింది. నల్లగొండ నుంచి పాలమూరు దాకా పెళ్ళి బ్యాండు వాళ్ళందరికీ లింగస్వామి పేరు తెలుసు. ఫోటో అంటే అతనే తీయాలి.

దుకాణం గోడ మీద ఇన్ని ఫోటోలు ఉండేవి గదా, వాటి మధ్య ఒక మేకు మాత్రం ఖాళీగా ఉండేది. దాని కథ అడిగితే లింగస్వామి మాట మార్చేవాడు. కోతలు కోయడానికి జంకని మనిషి ఆ మేకు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తల దించుకునేవాడో, సంగతి ఇది.

అరవై ఒకటి ఎండాకాలం. కేతేపల్లిలో ఒక పెద్ద రైతు ఇంట పెళ్ళి. రీలుకు పన్నెండు ఫోటోలు. పెళ్ళివారు అడిగినవి పన్నెండూ అయిపోయాయి. లింగస్వామి రీలు తీసి సంచిలో వేసుకుని, బువ్వ తిని, బస్సుకు పోదామని లేచాడు. పశువుల కొట్టం పక్కన బ్యాండు వాళ్ళు కూర్చుని తింటున్నారు. అందులో క్లారినెట్ ఊదే మైసయ్య చెయ్యి కడుక్కుని ఎదురొచ్చాడు.

"పోటోల సారూ, మీ లోబో దొర ముచ్చట చిట్యాలల ఇన్న. చేపలు ఒడ్డుకొస్తయంట గద?"

"వస్తయ్ మరి."

"మా కేతేపల్లి చెరువుల చేపలకు అంత తెలివి లేదు గాని, నేను గూడ ఒకటి ఊదుత. నన్ను గూడ గట్లనే తీయరాదుండ్రి? బతుకుల ఒక్క పోటో లేదు నాకు."

పక్కనున్న డ్రమ్ము ఏసోబు అందుకున్నాడు. "తీయుండ్రి సారూ. మా మైసన్నకు ఎడమచేతి చిటికెనేలు సగమే. మోట తాడు తిన్నది. ఆ సగమేలు పోటోల పడుతదా?"

"ఏలు సగమే గాని పాట నిండు బిడ్డా," అన్నాడు మైసయ్య.

రీలు అయిపోయింది అని చెబితే సరిపోయేది. రెండు మాటలు. కానీ లింగస్వామి చెప్పలేదు. చెప్పకపోవడానికి ఒక కారణం పేరు. చేపలను ఒడ్డుకు రప్పించే ఫోటోగ్రాఫర్ దగ్గర రీలు లేకపోవడమా? ఇంకో కారణం ఉంది. అది అతను తర్వాత చాలా ఏళ్ళు తనకు తాను కూడా చెప్పుకోలేదు. బాజాలోడే గదా, కొట్టం కాడ కూర్చునేటోడే గదా, ఇతనికి ఉత్త మీట చాలదా అనుకున్నాడు. పెళ్ళిళ్ళలో మీద పడే వాళ్ళను వదిలించుకోవడానికి ఫోటోగ్రాఫర్లకు అదొక అలవాటు. ఖాళీ కెమెరా పెట్టి టక్కుమనిపిస్తారు. వాళ్ళలో వాళ్ళు దాన్ని గాలి ఫోటో అంటారు.

"నిలబడు మైసయ్యా," అన్నాడు. కెమెరా మూత తెరిచి, పైనుంచి తల వంచి అద్దంలోకి చూశాడు.

మైసయ్య మొదలుపెట్టాడు.

మొదట అందరికీ తెలిసిన అప్పగింతల పాటే. రెండు చరణాలు బాటన పోయింది. ఆ తర్వాత ఎటు తిరిగిందో తెలియలేదు. బాట వదిలింది, చెలకల్లో పడింది, తుమ్మల్లోంచి దూరింది. ఏసోబు తింటున్న విస్తరి వదిలి ఎంగిలి చేత్తోనే డ్రమ్ము మీద సన్నగా అందుకున్నాడు. లింగస్వామి చెవులు నిక్కాయి. నాలుగేళ్ళుగా ఈ నేల మీద ఈ పాట వినలేదు. సికింద్రాబాదు మెహర్బానీ లేకుండా, ఏ దొరా నేర్పకుండా, పశువుల కొట్టం పక్కన జాజ్ నడిచిపోతున్నది. పాట వాగులో దిగింది, ఇక మునిగిందనుకున్నప్పుడు మళ్ళీ బాటెక్కింది, ఒక్క దమ్ముకు ఆగింది.

సరిగ్గా అక్కడ లింగస్వామి వేలు మీట నొక్కింది.

టక్.

తన బతుకులో తీసిన ఫోటోలన్నిట్లో అంత మంచిది లేదని ఆ చప్పుడుతోనే అతనికి తెలిసింది. కెమెరాలో ఏమీ లేదని కూడా తెలిసింది. చెమటలు మైసయ్యకు పట్టాలి, లింగస్వామికి పట్టాయి.

"పడ్డదా సారూ?"

"పడ్డది," అన్నాడు లింగస్వామి.

మళ్ళీ ఒక రీలు వేసుకుని మరునాడే వచ్చి తీయవచ్చు గదా అని మీరు అడుగుతారు. అతనూ అదే అనుకున్నాడు. వచ్చే పెళ్ళిలో తీద్దాం, ఆ పై పెళ్ళిలో తీద్దాం అనుకున్నాడు. కానీ మళ్ళీ తీయాలంటే మొదటిది ఏమైందో చెప్పాలి. మైసయ్య కనిపించినప్పుడల్లా ఒక అబద్ధం తయారైంది. మొదట "కడుగుతున్న." తర్వాత "పెద్దగ చేయిస్తున్న." ఆ తర్వాత "పట్నం పంపిన." ఒకనాడు మైసయ్య నేరుగా దుకాణానికే వచ్చి, గోడ మీద లోబో దొర పక్కన ఖాళీ మేకు చూసి అడిగాడు.

"గిది నాకేనా సారూ?"

దుకాణంలో నలుగురున్నారు. లోపలి గడపలో భార్య ప్రమీలమ్మ ఉంది. లింగస్వామి నాలుక అలవాటు కొద్దీ లేచింది.

"నీదే గాని మైసయ్యా, ఇగ రాదు. బొంబాయోళ్ళు తీసుకపోయిండ్రు. అక్కడ పెద్ద సంగీతం హాలు ఉంటది. దాని గోడకు పెట్టి అద్దం కట్టిండ్రు. వచ్చేటోళ్ళు చెప్పులిడిసి చూస్తున్నరంట."

 మైసయ్య తన కాళ్ళ చెప్పులు విడిచి, ఆ ఖాళీ మేకుకే దండం పెట్టాడు.

అతను వెళ్ళాక ప్రమీలమ్మ బయటికొచ్చింది. "ఏందయ్యా, బొంబాయి ముచ్చట నాకు చెప్పనే లేదు?"

"చెప్తా తియ్."

"నువ్వు చెవి గోక్కుంటున్నవ్. నువ్వు అబద్ధమాడితేనే చెవి గోక్కుంటవ్."

ఆ అబద్ధానికి కాళ్ళొచ్చాయి. నెల తిరక్కముందే కేతేపల్లి దాటి సూర్యాపేట, అక్కడినుంచి దేవరకొండ, కృష్ణ దాటి ఆవలికి కూడా పోయింది. ఏసోబు పెద్ద డ్రమ్ము మీద తెల్లరంగుతో "బొంబాయి బ్యాండు" అని రాసుకున్నాడు. కొట్టం పక్కన విస్తళ్ళు వేసిన ఇళ్ళల్లో మైసయ్యకు ఇప్పుడు పందిట్లోనే మంచం వాల్చారు. "బొంబాయిల నీకు చెప్పులిడుస్తున్నరంట గద" అని ఒక ముసలి పటేలు తన చుట్ట అగ్గి అతనికిచ్చాడు. ఇదంతా లింగస్వామి వింటూనే ఉన్నాడు. ఇప్పుడు నిజం చెబితే పోయేది తన పేరొక్కటే కాదు. ఆ మంచం కూడా పోతుంది.

అరవై మూడులో మైసయ్యకు దగ్గు పట్టింది. నల్లగొండ దవాఖానలో ఊపిరితిత్తులు చెడ్డాయన్నారు. ఆ మాట విన్న రోజే లింగస్వామి కెమెరాలో కొత్త రీలు ఎక్కించి, రెండుసార్లు చూసుకుని, కేతేపల్లి బస్సెక్కాడు. మైసయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కండ లేదు. క్లారినెట్ పక్కన గుడ్డలో చుట్టి ఉంది.

"మైసయ్యా, ఒక పోటో తీస్త."

"వద్దు సారూ."

"ఊదకు, ఉత్తగ పట్టుకో చాలు."

మైసయ్య నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. "ఎందుకు సారూ? మంచిగున్నప్పటిది బొంబాయిల ఉన్నది గద. ఈ బొక్కల మొకం తీసి, గా మొకాన్ని ఖరాబు చేస్తవా?"

లింగస్వామి నోరు తెరిచాడు. మైసయ్య భార్య నర్సింగమ్మ గిన్నెలో గంజి తెచ్చింది. ఆమె ముందు చెప్పలేకపోయాడు. ఆమె లోపలికి పోయాక కూడా చెప్పలేకపోయాడు. పన్నెండు ఫోటోల రీలు ఎట్లా తీసుకుపోయాడో అట్లాగే తిరిగి తెచ్చాడు.

మరుసటి ఏడు కందులు కోసే నాటికి మైసయ్య పోయాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే నర్సింగమ్మ చిట్యాలలో బస్సు దిగింది. దుకాణం గడప మీద కూర్చుని కొంగు సర్దుకుంది.

"సారూ, ఎల్లుండి దినం. పోటో కాడ బువ్వ పెట్టాలె. ఆయనది బొంబాయిల తప్ప ఎక్కడ లేదు. దాని నకలు ఒకటి నీ దగ్గర ఉంటది గద? ఊర్లన్నిటి నుంచి వస్తున్నరు, చూస్తమని."

"ఉంటదమ్మా," అన్నాడు లింగస్వామి, చెవి గోక్కుంటూ.

ఆ రోజంతా, మరునాడు పొద్దు వాలేదాకా అతను చేసిన పని తలుచుకుంటే తర్వాత ఎన్నేళ్ళకైనా చెవులు వేడెక్కేవి. లోబో దొర వంకర బాకానే కాదు, అప్పుడప్పుడు క్లారినెట్ కూడా ఊదేవాడు. అట్లాంటి నెగటివ్ ఒకటి పెట్టెలో ఉంది. మొహం సగం నీడలో, కళ్ళు మూసి, దమ్ముకు ఆగిన క్షణం. లింగస్వామి సన్న కుంచె, పెన్సిలు తీసుకుని కూర్చున్నాడు. కోటును చెరిపి ధోవతి అంచు కలిపాడు. నున్నటి తలకు రుమాలు చుట్టాడు. మూతి మీద మీసం నాటాడు. లోబో దొర ముక్కు మాత్రం మాట వినలేదు. ఎంత తొక్కినా లేచేది. చివరికి దాన్ని నీడలోకి నెట్టాడు.

ప్రమీలమ్మ వచ్చి భుజం మీదుగా చూసింది. చాలాసేపు చూసి, "ఎవరయ్యా ఈయన?" అంది.

"మైసయ్య."

 ఆమె చాయ్ గ్లాసు అక్కడ పెట్టి పోయింది. ఆ చాయ్ అతను తాగలేదు.

పదకొండో రోజు కేతేపల్లిలో మైసయ్య ఇంటి ముందు ఎంత జనమంటే, నిలబడ్డానికి జాగా లేక కొందరు గోడలెక్కి కూర్చున్నారు. లింగస్వామి గుడ్డ విప్పి ఫోటో పీట మీద పెట్టాడు. జనం ఒక్కసారి "ఆహా" అన్నారు. ముందు వరసలోవాళ్ళు చెప్పులు విడిచారు.

"అచ్చం మైసన్నే! ఇప్పుడే ఊదుతడేమో అన్నట్టున్నడు," అన్నాడు ఏసోబు, కళ్ళు తుడుచుకుంటూ.

"బొంబాయి పనితనం గద," అన్నారెవరో. "ముక్కు జర లేచింది."

"అక్కడి గాలికి లేస్తది."

నర్సింగమ్మ బంతిపూల దండ పట్టుకుని ఫోటో ముందు కూర్చుంది. మొహం చూసింది. రుమాలు చూసింది. చూపు కిందికి జారి, క్లారినెట్ మీద ఎడమ చేతి దగ్గర ఆగింది. అక్కడ చిటికెన వేలు నిండుగా, గోరుతో సహా, మీట మీద వాలి ఉంది.

ఆమె తల తిప్పి లింగస్వామిని చూసింది. లేచి ఇంటి వెనక్కి నడిచింది. అతను వెంట పోయాడు. పోకుండా ఉండే ధైర్యం లేదు.

"ఎవరు సారూ గాయిన?"

లింగస్వామి తల దించుకున్నాడు.

"ముప్పై ఏండ్లు ఆ చేతికి బువ్వ పెట్టిన. ఎవరు?"

"లోబో దొర," అన్నాడు లింగస్వామి.  "మైసయ్యది లేదమ్మా. ఆనాడు రీలు లేదు. ఉత్త మీట నొక్కిన. బొంబాయి లేదు, హాలు లేదు, ఏం లేదు."

నర్సింగమ్మ గోడకు చెయ్యి ఆనించింది. "దగ్గి దగ్గి పడుకున్నంక గూడ, బొంబాయిల నేను మంచిగనే ఉన్ననే అన్నడు. పోయేటప్పుడు గూడ గదే మాట." ఇంటి ముందుకు చెయ్యి చూపించి, "పో. నాకు గాదు, వాళ్ళకు చెప్పు. వాళ్ళు చెప్పులిడిసిండ్రు," అంది.

లింగస్వామి ముందుకొచ్చి జనం నడుమ నిలబడ్డాడు. బతుకంతా లేని చేపలను ఒడ్డుకు రప్పించిన మనిషి, మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రీలు లేదన్నాడు. పీట మీదున్నది గోవా ఆయనన్నాడు. మీసం తానే గీశానన్నాడు. బాజాలోడే గదా అనుకున్నానని, ఆ మాట కూడా అన్నాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు.

జనం చివరిదాకా విన్నారు. తర్వాత గోడ మీద కూర్చున్న ముసలాయన ఒకడు కిసుక్కున నవ్వాడు. అది అందరికీ అంటుకుంది.

"సారు షురూ జేసిండు! ఆనాడు చేపలన్నడు, ఈనాడు మీసమంటున్నడు."

"సావు కాడ గూడ నవ్వించబట్టె. మైసన్నకు గిట్లనే ఇష్టం."

"నిజం జెప్తున్న!" అని అరిచాడు లింగస్వామి.

"లోబో దొర దమ్ము కాజీపేట దాకా పోయిందన్నప్పుడు గూడ గిట్లనే అన్నవ్ సారూ," అన్నాడు ఏసోబు ప్రేమగా, అతని భుజం నిమురుతూ. "దుఃఖమెక్కువైంది నీకు. కూసో, నీళ్ళు తాగు."

అంతమందిలో అతని మాట నమ్మింది నర్సింగమ్మ ఒక్కతే. ఆమె నవ్వలేదు. దండ తీసి ఫోటోకు వేసింది. ఒక బంతిపువ్వును కిందికి లాగి, ఆ చిటికెన వేలి మీద పడేట్టు సర్దింది. అది లింగస్వామిని కాపాడటానికి కాదు. మైసయ్యకు పందిట్లో వాల్చిన ఆ మంచాన్ని ఆమె తీయదలుచుకోలేదు, అంతే.

ఆ తర్వాత లింగస్వామి కోతలు మానేశాడు. మానేస్తే గిరాకీ తగ్గుతుందని ప్రమీలమ్మ భయపడింది గానీ తగ్గలేదు. కొత్తగా ఇంకో అలవాటు పట్టాడు. ఎవరి ఫోటో తీసినా, ముందు వాళ్ళను దగ్గరికి పిలిచి, వాళ్ళ కళ్ళముందే కెమెరా వెనక మూత తెరిచి రీలు ఎక్కించేవాడు. "సూడుండ్రి, రీలున్నది. సూసిండ్రా?" అనేవాడు. కూలివాడైనా, పటేలైనా అంతే. అది బొంబాయి పద్ధతి అని జనం చెప్పుకున్నారు. కాదని చెప్పీ చెప్పీ అతని నోరు నొచ్చింది.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నర్సింగమ్మ వచ్చింది. చంకలో గుడ్డ చుట్టిన క్లారినెట్. ఆమెను చూడగానే అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నాదొక పోటో తియ్," అంది. "రీలు చూపి."

చూపించాడు. రీలు రెండుసార్లు చేతిలోంచి జారింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చింది. స్టూలు మీద కూర్చుని క్లారినెట్ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. లింగస్వామి తల వంచి కెమెరా అద్దంలోకి చూశాడు. ఆ కెమెరాకు తల వంచక తప్పదు. వంచితే ఈసారి ఎత్తబుద్ధి కాలేదు. అక్కడ పాట లేదు. అయినా చెవి పెట్టి ఉన్నాడు. చాలాసేపటికి ఆమె ఒక్క నిట్టూర్పు విడిచి, గాలి లోపలికి తీసుకుంది.

టక్.

"పడ్డదా?"

పడ్డది అనబోయాడు. అది ఒకప్పుడు అబద్ధానికి వాడేసిన మాట. 

"నువ్వే చూడమ్మా," అన్నాడు.

ఆ ఒక్క ఫోటో కోసం మిగిలిన పదకొండూ వదిలేసి, రీలు కడిగి, ఆరబెట్టాడు. అంతసేపూ ఆమె గడపలోనే కూర్చుంది. తర్వాత ప్రమీలమ్మను తోడు పిలిచి, నర్సింగమ్మను ఎర్రదీపం గదిలోకి తీసుకుపోయాడు. నెగటివ్ వెలుగు పట్టించిన తెల్లకాగితాన్ని మందునీళ్ళ తొట్టిలో వేశాడు. ఆమె వంగి చూసింది. కాగితం కాసేపు తెల్లగానే ఉంది. ఆమె అతని వైపు ఒకసారి చూసింది. లింగస్వామి ఊపిరి బిగబట్టాడు. నెమ్మదిగా ముందు క్లారినెట్ నల్లగా తేలింది, తర్వాత కొంగు, తర్వాత మొహం. చివరికి ఆ గొట్టం మీద రెండు చేతులు.

నర్సింగమ్మ వేళ్ళు లెక్కపెట్టింది.

"సరిగనే ఉన్నయ్," అంది.

లింగస్వామి దాన్ని ఆరబెట్టి, అట్టకు అంటించి, ఆమె చేతికిచ్చాడు. ఆమె తీసుకోలేదు. గోడ దగ్గరికి పోయి, లోబో దొర పక్కనున్న ఖాళీ మేకును వేలితో చూపించింది.

"అక్కడ పెట్టు. నువ్వు దినాం చూసే జాగల."

అంతే చెప్పి, క్లారినెట్ చంకన పెట్టుకుని బస్సు దగ్గరికి నడిచింది.